ఎడమవైపు చూసే గద్ద

మార్షల్‌టౌన్, అయోవా
2002 ఏప్రిల్ 21

ఒరేయ్ వెండెల్,

ఇక నీకు ఫోన్ చెయ్యను. నేను హలో అంటే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరుస్తాను. నాకేదో అయిందని పక్కింటావిడ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొస్తుంది. ముప్పైఎనిమిదేళ్ళు కార్ల ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో రేకులు గుద్దినవాడికి చెవులు మిగలమంటే ఎక్కడ మిగులుతాయి? అందుకని ఉత్తరాలే రాస్తాను. కళ్ళు బాగానే ఉన్నాయిగా?

మేం కులాసా. నా మోకాళ్ళు తప్ప అంతా కులాసానే. మీ బావ పోయి ఆరేళ్ళు, ఇనప సామాన్ల కొట్టు అమ్మేసి నేను ఓక్ రివర్ వదిలి ఈ ఊరొచ్చి నాలుగేళ్ళు. ఇక్కడ మా అమ్మాయి పాట్రిస్ నన్ను కూర్చోబెట్టి తిండి పెడుతోంది. కూర్చుని తింటే కొండలే కరుగుతాయంటారు కానీ నేను మాత్రం పెరిగాను. అందుకని ఒక వ్యాపకం పెట్టుకున్నాను. తిట్టకుండా చదువు.

నాలుగు నెలల కింద చర్చి వెనక పాత సామాన్ల సంతలో కర్టెన్ కడ్డీ కోసం వెళ్ళాను. అక్కడ ఒక పట్టకారు కనపడింది. అచ్చం మా కొట్లో రెండో అరలో ఉండే రకమే. దాని మీద అమెరికన్ కంపెనీ పేరు, మూడు చుక్కలు, ఒక జెండా. ఊరికే తిరగేశాను. కీలు దగ్గర, ఎవరూ చూడని మూల, చీమంత అక్షరాల్లో "జపాన్" అని ఉంది. వెండెల్, నాకెందుకో నవ్వాగలేదు. ముప్పైమూడేళ్ళు గల్లా పక్కన కూర్చుని ఆ సరుకు చేతికందించినదాన్ని, ఒక్కసారి తిరగేసి చూసిన పాపాన పోలేదు!

ఇప్పుడు నా దగ్గర అలాంటివి అరవైమూడు ఉన్నాయి. పానాలు, పట్టకార్లు, చిన్న సుత్తులు, ఒక చిత్రిక. అన్నీ యాభై, అరవై, డెబ్బైల నాటివి. పేరు ఇక్కడిది, పుట్టుక అక్కడిది. స్నానాల తొట్టిలో వెనిగర్ పోసి తుప్పు నానబెడుతున్నాను. "అమ్మా, స్నానం చేస్తుంటే కాలికి పానా తగిలింది" అని పాట్రిస్ మొన్న ఏడ్చినంత పని చేసింది.

వీటి గుట్టుమట్లన్నీ నాకు నేర్పింది హాలిస్. సంతలో పాత పనిముట్లు అమ్ముతాడు. ఆయన సూత్రం ఒక్కటే. డబ్బా మీద అమెరికా గద్ద బొమ్మ ఎంత పెద్దదైతే సరుకు అంత దూరం నుంచి వచ్చినట్టు. లిబర్టీ ఓక్ అనే కంపెనీ ఉండేది, గుర్తుందా? ఇక్కడ చేసిన సుత్తి మీద వాళ్ళ గద్ద కుడివైపు చూస్తుంది. జపాన్‌లో చేయించిన దాని మీద ఎడమవైపు చూస్తుంది. ఎందుకో ఎవరికీ తెలీదు. "పాపం, పటం మీద చూడమ్మా, ఇంటివైపు చూస్తోంది" అంటాడు హాలిస్.

నీకు కోపం వస్తుందని తెలుసు. నీకూ మీ బావకీ చెడింది ఈ జపాన్ సరుకు మీదే కదా. ఎనభైరెండులో ఆ యూనియన్ పిక్నిక్ అయిన దగ్గర్నుంచి నువ్వు మా గుమ్మం తొక్కలేదు. కొట్లో జపాన్ సరుకు పెట్టాడని ఆయన్ని పద్నాలుగేళ్ళు వెలేశావు. ఆయన వెళ్ళిపోయాడు, సరుకు మిగిలింది. కనీసం దాని మీదైనా కోపం తగ్గించుకో.

మా మరదలు నోరీన్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క,
ఆర్డిస్


ఓక్ రివర్, మిషిగన్
మే 5

అక్కా,

నీ ఉత్తరం నోరీన్ రెండుసార్లు చదివి రెండుసార్లూ నవ్వింది. నేను ఒక్కసారి చదివాను. నవ్వలేదు.

ముందు అసలు సంగతి చెప్పు. ఎవడా హాలిస్? పెళ్ళాం ఉందా, పోయిందా? పోతే ఎన్నాళ్ళైంది? డెబ్బైనాలుగేళ్ళ ఆడదాన్ని "అమ్మా, అమ్మా" అంటూ పటాలు చూపించేవాడి వాలకం నాకు నచ్చలేదు. నీకు తుప్పు పట్టిన పట్టకార్లు అంటగట్టి కడకు ఇల్లు రాయించుకుంటాడు. పాట్రిస్‌ని ఒకసారి వాడి కారు చూసి రమ్మను. ఏ దేశం కారో కూడా చూసి రమ్మను.

రెండోది, ఎవరైనా సేకరిస్తే తపాలా బిళ్ళలు సేకరిస్తారు, గాజు కోళ్ళు సేకరిస్తారు. మన పొట్ట కొట్టిన సరుకు కొని తెచ్చి స్నానం చేయించేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. మా రెండు షిఫ్టులూ ఎత్తేసిన ఏడాది నీకు గుర్తుండాలి. నోరీన్ స్కూల్లో వంటకెళ్ళింది. నేను రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ ముందు మంచు తోడాను.

సరే, మంచి కబురు. మన ఊరి యూనియన్ శాఖకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. సెప్టెంబరులో లేబర్ డే నాడు యూనియన్ హాల్లో పండుగ. గుమ్మం ఎదురుగా గాజు బీరువా పెట్టి, దాన్లో ఎనభైరెండు నాటి నా సమ్మెట పెడతారు. నీకు గుర్తుందిగా, ఎవరో ఒక పాత జపాన్ కారు తెచ్చి పిక్నిక్ మైదానం నడుమ నిలబెట్టారు. దెబ్బకొక డాలరు, పిల్లల క్రిస్మస్ నిధికి. మొదటి దెబ్బ నాదే. కింద ఇత్తడి ఫలకం కూడా చెక్కిస్తున్నారు. "అమెరికన్ చేతులు, అమెరికన్ ఉక్కు" అని, దాని కింద నా పేరు. కార్యదర్శి డ్వెయిన్ నన్ను నాలుగు ముక్కలు మాట్లాడమన్నాడు. మూడు వందల మంది వస్తారు.

ఒంట్లో జాగ్రత్త. వెనిగర్ పీల్చకు.

వెండెల్

మన పేపర్లో ఆ సమ్మెట ఫోటో వచ్చింది. నోరీన్ దాన్ని కత్తిరించి కవర్లో పెట్టిందట. అంటించేశాక చెప్పింది, అందుకని ఇది కవరు మీద రాస్తున్నాను. ఫోటో సరిగ్గా పడలేదు. పనిగట్టుకుని చూడక్కర్లేదు.


మార్షల్‌టౌన్
మే 19

వెండెల్,

ముందు హాలిస్ సంగతి. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. కారు లేదు. గుర్రాల బండిలాంటి పాత ట్రక్కు ఉంది. అది మీ ఫ్యాక్టరీదే, వారానికి రెండుసార్లు ఆగిపోతుంది. ఇంతకన్నా దేశభక్తి ఎవరికుంటుంది?

ఫోటో అందింది. బాగానే పడింది. నా భూతద్దం పెట్టి కూడా చూశాను. సమ్మెట తల మీద గద్ద ఉంది కదూ? అది ఏ వైపు చూస్తోందో అని... ఏం లేదులే. మంచి గద్ద.

ఒక మాట. ఆ సమ్మెట ఒకసారి నాకు పార్శిల్ చెయ్యి. పిడికి అవిసె నూనె పట్టించి, తల తోమి పంపిస్తాను. నాకిప్పుడు అందులో చెయ్యి తిరిగింది. మూడు వందల మంది చూసే వస్తువు. గాజు బీరువాలో దీపాలు కూడా పెడతారు కదా. దీపాలు పెడితే అన్నీ కనపడతాయి. అన్నీ అంటే తుప్పూ అదీ. లేబర్ డేకి ముందే పంపేస్తాను, బెంగ పెట్టుకోకు.

ఆ తల కింద నల్ల టేపు చుట్టి ఉందేమిటి? పిడి వదులైందా?

పోనీ, బీరువాలో వేరే ఏదైనా పెట్టకూడదూ? నీ టోపీ పెట్టొచ్చుగా. నీ టోపీ బాగుంటుంది.

అక్క


ఓక్ రివర్
జూన్ 3

అక్కా,

సమ్మెట పంపను.

నూనె వద్దు. తోమొద్దు. టేపు పిడి కోసం చుట్టాను. ఇరవై ఏళ్ళుగా ఉంది, ఉండనీ. టోపీ బీరువాలో ఎవడు పెడతాడు, నేనేమైనా యుద్ధంలో పోయానా?

నువ్వు అడగడం ఒక ఎత్తు, ఈ డ్వెయిన్ ఒక ఎత్తు. నలభైఐదేళ్ళొచ్చినా పాలిష్ డబ్బా చేత్తో పట్టుకుని తిరుగుతాడు. "వెండెల్ గారూ, టేపు పీకేసి మెరుగు పెడతానండీ, వెల్వెట్ మీద పడుకోబెడతానండీ" అంటాడు. "చెయ్యి వేశావంటే నీ వేలు వెల్వెట్ మీద పడుకోబెడతాను" అన్నాను. అప్పట్నుంచి నాకు వయసు మీద పడిందని నోరీన్‌తో అంటున్నాడట. సమ్మెట తెచ్చి నా మంచం కింద పెట్టుకున్నాను.

ఊరికే ఒకటి అడుగుతాను. నాకు కాదు, తెలిసినాయన ఒకడు అడిగాడు. ఉక్కు మీద అచ్చు వేసిన అక్షరాలుంటే, అవి ఆనవాలు లేకుండా పోవాలంటే ఏం చెయ్యాలి? మీ హాలిస్‌కి తెలిసే ఉంటుంది. అడిగింది నేనని చెప్పకు. అడిగింది ఎలాగూ నేను కాదు.

ఇక్కడ వానలు. టమాటా నారు కుళ్ళిపోయింది.

వెండెల్


మార్షల్‌టౌన్
జూన్ 22

వెండెల్,

డెబ్బై ఏళ్ళు నిండుతున్న తమ్ముడికి దీవెనలు. ఈ ఉత్తరంతోపాటు ఒక పార్శిల్ వస్తుంది. బరువుంటుంది, నోరీన్‌ని ఎత్తనివ్వకు.

అందులో ఏముందో తెరిస్తే నీకే తెలుస్తుంది. లిబర్టీ ఓక్ వాళ్ళ ఎనిమిది పౌన్ల సమ్మెట. గద్ద కుడివైపు చూస్తోంది. దాని కోసం నేనూ హాలిస్ కలిసి మూడు కౌంటీలు తిరిగాం. పోయినవాళ్ళ ఇళ్ళలో సామాన్లు అమ్ముతుంటే, ముందు దణ్ణం పెట్టుకుని తరువాత వాళ్ళ గరాజులో దూరాం. ట్రక్కు రెండుచోట్ల ఆగింది. నా మోకాళ్ళు మూడుచోట్ల ఆగాయి. చివరికి ఒక పందుల రైతు ఇంట్లో, తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టి ఉంటే కనపడింది.

ఎందుకు పంపుతున్నానని అడగకు. పుట్టినరోజు కానుక అనుకో. నువ్వు దాన్ని ఎక్కడ పెట్టుకున్నా నేను అడగను. బీరువాలో పెట్టినా సరే. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎవరూ పట్టుకోలేరు. నేను తప్ప. నేనైతే నోరు మెదపను.

నీకు తెలిసినాయన అడిగిన సంగతి హాలిస్‌ని అడిగాను. ఆకురాయి పెడితే అక్షరాలు పోతాయట కానీ అక్కడ తళతళలాడే మచ్చ మిగులుతుందట. అందరి కళ్ళూ సరిగ్గా అక్కడికే పోతాయట. "పుట్టిన ఊరు గీకేసుకునేవాడికి ఏమొచ్చిందమ్మా?" అన్నాడు. పాపం, ఎవరో నీ స్నేహితుడు, ఈ మాట ఆయనకు చెప్పకు.

కేకు తిను, కానీ ఒక్క ముక్కే.

అక్క


ఓక్ రివర్
జూలై 6

ఆర్డిస్,

పార్శిల్ వచ్చింది. నా పుట్టినరోజు నాడు, ఇంటి నిండా జనం ఉండగా, డ్వెయిన్ కూడా ఉండగా వచ్చింది. "తెరవండి, తెరవండి" అని అందరూ చప్పట్లు కొట్టారు. తెరిచాను. "అబ్బ, వెండెల్ గారూ, అచ్చం మన సమ్మెటే! మీ అక్కగారికి మీరంటే ఎంత ప్రేమండీ!" అన్నాడు డ్వెయిన్.

ప్రేమ కాదు, వెటకారం. నీకు తెలిసిపోయింది. నువ్వు తెలివైనదానివే, ఒప్పుకుంటాను. గద్ద ఎటు చూస్తోందో భూతద్దం పెట్టి చూశావు, ఆ పైన కుడివైపు చూసేది వెతికి పట్టి, పుట్టినరోజు నాడు నా ఒళ్ళో పడేశావు. మొగుడు మొదలుపెట్టిన ఎగతాళి పెళ్ళాం పూర్తి చేసింది.

ఎలాగూ బయటపడింది కాబట్టి చెప్తాను. ఎనభైరెండులో ఆ మైదానంలో మొదటి దెబ్బ కొట్టాను, రెండోది కొట్టాను. మూడో దెబ్బకి సమ్మెట తల మీద అంటించిన జెండా కాగితం ఊడి కింద పడింది. కాగితం ఉన్నచోట, పిడి దూరే దగ్గర, జపాన్ అని ఉంది. చుట్టూ నాలుగు వందల మంది నా పేరు పెట్టి అరుస్తున్నారు. నా చేతిలో జపాన్ సమ్మెట, ఎదురుగా జపాన్ కారు. అక్కా, ఆ రెంటికీ మధ్య పరాయివాణ్ణి నేనొక్కణ్ణే.

తలెత్తి చూశాను. జనంలో బావ నిలబడి ఉన్నాడు. చేతిలో నిమ్మరసం గ్లాసు. నా వంకే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు.

ముందురోజు నేనే మీ కొట్టుకి వెళ్ళి "బావా, నీ దగ్గరున్నదాంట్లో మంచిది ఇవ్వు, రేపు నా పరువు దానిమీద ఉంది" అన్నాను. ఆ పరువుని ఆయన ఏం చేశాడో చూడు. పిడి వదులైందని అబద్ధమాడి అక్కడికక్కడే టేపు చుట్టాను. ఇరవై ఏళ్ళలో ఆ టేపు మూడుసార్లు మార్చాను. అందరూ నాకు ఆయన మీద కోపమనుకున్నారు. కోపం కాదు. ఎప్పుడు నోరు విప్పుతాడో, ఏ విందులో అందరి ముందు చెప్పి నవ్విస్తాడో అని భయం. ఆయన ఎదురుపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అందుకని ఎదురుపడటమే మానేశాను.

ఇప్పుడు నువ్వు కూడా నవ్వుకో.

వెండెల్


మార్షల్‌టౌన్
జూలై 14

ఒరేయ్ మొద్దూ,

నేను నిన్ను ఒక్క మాట అన్నానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే అంతా కక్కేశావు. నీకు తెలియదనుకుని, తెలిస్తే గుండె ఆగి చస్తావని, మోకాళ్ళు అరగదీసుకుని మూడు కౌంటీలు తిరిగాను. నువ్వు దాస్తున్నదీ నేను దాస్తున్నదీ ఒకటే. మనిద్దరం ఒక్క తల్లి బిడ్డలమని ఎవరికైనా అనుమానముంటే ఈ ఉత్తరాలు చూపించొచ్చు.

ఇప్పుడు కూర్చుని చదువు. నిలబడి ఉంటే కూర్చో.

నువ్వు సమ్మెటకి వచ్చిన రోజు నేను గల్లా దగ్గరే ఉన్నాను. నువ్వు ఈ సంగతి రాసేదాకా నాకు ఆ రోజు మళ్ళీ తలపుకి రాలేదు. మీ బావ ముందువైపు ఉన్న సమ్మెట తీశాడు. పిడి పట్టి విదిలించాడు, తల కదిలింది. పక్కన పెట్టాడు. రెండోది తీశాడు. అదీ కదిలింది. ఆ ఏడాది వచ్చిన సరుకే అంత. అప్పుడు వెనక గదిలోకి వెళ్ళి మూడోది తెచ్చి, నేలకేసి నాలుగుసార్లు కొట్టి చూసి నీకిచ్చాడు. నువ్వెళ్ళాక "ఆ పిక్నిక్‌లో చుట్టూ పిల్లలుంటారే, తల ఊడి ఎగిరిందంటే ఎవడి ప్రాణం మీదికో వస్తుంది" అన్నాడు. నువ్వు మంచిది అడిగావు. ఉన్నవాటిలో మంచిది ఇచ్చాడు. అది ఎక్కడిదో ఆయనకు తెలిసే ఉంటుంది. నీకు చెప్తే తీసుకోవని కూడా తెలిసే ఉంటుంది.

ఇక నవ్వు. వెండెల్, మీ బావ భయమేస్తే నవ్వుతాడు. మా పెళ్ళి ఫోటో చూడు, పళ్ళన్నీ కనపడతాయి. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీద పడుకుని నవ్వాడు. ఆ రోజు నువ్వు సమ్మెట ఎత్తిన ప్రతిసారీ ఆయన నా పక్కన నిలబడి నా చెయ్యి నలిపేశాడు. గాజు నొక్కుకుని మణికట్టు కమిలిపోయింది.

పిక్నిక్ అయిన మరుసటి ఆదివారం ఆయన మీ ఇంటికి వచ్చాడు, తెలుసా? నాచేత ఆపిల్ కేకు చేయించుకుని, వానలో, గొడుగు కూడా లేకుండా నడిచి వచ్చాడు. "వాడితో ఒక మాట చెప్పాలి" అన్నాడు. గంట తరువాత కేకు అలాగే పట్టుకుని తిరిగొచ్చాడు. "ఇంట్లో ఎవరూ లేరే" అన్నాడు. "వాళ్ళ కారు బయటే ఉందిగా, నేను చర్చి నుంచి వస్తూ చూశాను" అన్నాను. "నడిచి ఎటైనా వెళ్ళుంటారు" అన్నాడు. ఆ వానలో! తడిసిన కేకు ఇద్దరం తినేశాం. అప్పట్నుంచి ఆయన మీ వీధి వైపు వెళ్ళలేదు. పరాయి సరుకు అమ్ముతున్నందుకు నువ్వు మొహం చూడనంటున్నావని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

బతికినన్నాళ్ళూ ఆ సమ్మెట సంగతి ఆయన నాక్కూడా చెప్పలేదు. నీ గుట్టు అంత భద్రంగా దాచిన మనిషిని చూసి నువ్వు పద్నాలుగేళ్ళు భయపడ్డావు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. వెళ్ళి పానాలు తోముకుంటాను.

ఆర్డిస్


ఓక్ రివర్
జూలై 23

అక్కా,

నీ ఉత్తరం అందింది. కూర్చునే చదివాను.

టమాటాలు మళ్ళీ వేశాం. బతికేటట్టున్నాయి.

వెండెల్


మార్షల్‌టౌన్
ఆగస్టు 11

వెండెల్,

టమాటాలు బతికినందుకు సంతోషం. నువ్వో?

నీ ఇష్టం వచ్చిన సమ్మెట పెట్టుకో. నేనేమీ అనుకోను. మీ బావ కూడా అనుకోడు. కుడివైపు చూసేది పెడితే డ్వెయిన్ మెరుగు పెట్టుకుని సంబరపడతాడు, నీ పేరు ఇత్తడి మీద మెరుస్తుంది, అందరూ భోంచేసి ఇళ్ళకి పోతారు. డెబ్బై ఏళ్ళకి ఆ మాత్రం సుఖపడితే తప్పేం లేదు.

అక్టోబరు మొదటి వారంలో మీ ఊరు వద్దామనుకుంటున్నాను. మీ బావ సమాధి దగ్గర గడ్డి చూసుకోవాలి. హాలిస్ ట్రక్కులో వస్తానులే. ఎప్పుడు చేరతామో ఆ ట్రక్కుకే తెలియాలి.

అక్క


ఓక్ రివర్
సెప్టెంబరు 4

అక్కా,

లేబర్ డే అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు పంపినదీ నాదీ రెండూ కారు వెనక డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను. హాలు ముందు ఆగేదాకా ఏది తియ్యాలో నాకే తెలీదు. నోరీన్ దిగుతూ "రెండూ మోసుకెళ్తే నడుం పట్టేస్తుంది, ఒకటి చాలు" అంది. దానికి అంతా తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేదు. నాది తీసుకున్నాను.

కిక్కిరిసి ఉంది. ఆవిరి పట్టిన మొక్కజొన్న కంకుల వాసన, కాల్చిన సాసేజీల వాసన. డ్వెయిన్ తెల్ల చేతి తొడుగులు వేసుకుని బీరువా పక్కన నిలబడ్డాడు. నన్ను మైకు దగ్గరికి పిలిచారు. నోరీన్ రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంచేశాను. "సోదరులారా, ఈ టేపు పీకాలి, ఎవరి దగ్గరైనా చాకు ఉందా?" అన్నాను.

డ్వెయిన్ తనది ఇచ్చాడు. టేపు జిగురు గట్టిపడిపోయి ఒక పట్టాన రాలేదు. అయిదు నిమిషాలు పట్టింది. మూడు వందల మంది నేను సమ్మెట గీకడం చూశారు. ఊడాక దాన్ని పైకెత్తి, "ముందువరస వాళ్ళు చదివి వెనక వాళ్ళకి చెప్పండి" అన్నాను.

ముందు వరసలో బడ్ కూర్చున్నాడు, ప్రెస్ షాపులో నా పక్క మెషీను. కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. చదివాడు. వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. నాకు వినపడలేదు కానీ మొహాలన్నీ ఒక్కసారే మారడం కనపడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు బడ్ లేచి నా చెవిలో నోరు పెట్టి హాలంతా వినపడేలా అరిచాడు: "అదిరా సంగతి! ఆ రోజు డెబ్బై మందిమి కొట్టినా పిడి కదల్లేదు, ఎలాగా అనుకునేవాణ్ణి!"

హాలంతా నవ్వింది. అక్కా, ఇరవై ఏళ్ళు ఆ నవ్వుకి భయపడ్డాను. వచ్చాక చూస్తే అందులో నన్ను చంపేదేమీ లేదు.

డ్వెయిన్ ఒక్కడే నవ్వలేదు. "ఫలకం చెక్కించేశాం కదండీ" అంటూ ఏడుపు మొహం పెట్టాడు. నేను వాడి చాకు తిరగేసి చూపించాను. మడత దగ్గర అదే దేశం పేరు. వాడు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. తరువాత ఏం జరిగిందంటే, ఒక్కొక్కడూ బయటికి జారుకోవడం మొదలుపెట్టాడు. వెళ్ళి చూస్తే పార్కింగులో డిక్కీలన్నీ తెరిచి ఉన్నాయి. ముసలాళ్ళంతా పెట్టెలు కుమ్మరించి పానాలు తిరగేస్తున్నారు. "నాది కూడా!" "నాదీ!" "ఒరేయ్, ఇది మా నాన్నదిరా, మా నాన్నది!" బడ్‌కి ఒక్క పెట్టెలో పదకొండు దొరికాయి. ఒక్కటీ దొరకని వాడు ఒక్కడుంటే వాణ్ణి అందరూ జాలిగా చూశారు. నువ్వు ఇవే పోగేస్తున్నావన్నాను, నీ అడ్రసు ఇరవై మంది అడిగారు. వాళ్ళకి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చో.

అందరూ లోపలికొచ్చాక పద్ధతి ప్రకారం తీర్మానం పెట్టాం. సమ్మెట బీరువాలోనే ఉండాలి, గద్ద బయటికి కనపడాలి, పాత ఫలకం పక్కన ఇంకోటి పెట్టాలి. నేనే ప్రతిపాదించాను, బడ్ బలపరిచాడు, చేతులెత్తారు. తొమ్మిది మంది కాదన్నారు. వాళ్ళు ఎప్పుడూ కాదనేవాళ్ళే. కొత్త ఫలకం మీద ఇలా ఉంటుంది: "సమ్మెట జపాన్‌ది. మంచిది అడిగితే మంచిది ఇచ్చినవాడు, ఎమెట్ హోబర్ట్." ఏనాడూ సభ్యుడు కాని కొట్టువాడి పేరు, అదీ బావ పేరు, మన హాల్లోకి ఎక్కడం ఇదే మొదలు.

అక్కడ చెప్పనిది ఒకటుంది. నోరీన్‌కి కూడా చెప్పలేదు.

ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. నోరీన్ పిల్లల్ని తీసుకుని పక్క వీధిలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. బావ రావడం కర్టెన్ సందులోంచి చూశాను. కేకు మీద వాన పడకుండా తన టోపీ తీసి కప్పాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. మూడుసార్లు తలుపు తట్టాడు. అప్పుడు నాకు చెవులు బాగానే వినపడేవి. రెండోసారికే లేచి వచ్చి గొళ్ళెం మీద చెయ్యి వేశాను. ఆయన అవతల, నేను ఇవతల. మధ్యలో ఒక అంగుళం చెక్క. ఆయనకు నా నీడ కనపడే ఉంటుంది. కిందనుంచి నా బూట్లు కూడా కనపడి ఉంటాయి. "వెండెల్, నేను ఇంకోసారి వస్తానులే" అన్నాడు. నేను గొళ్ళెం తియ్యలేదు.

ఇంటికొచ్చి నీతో ఎవరూ లేరన్నాడు.

ఈ ఉత్తరం ఆయనకు రాయాల్సింది. ఆయనకు రాయలేను కనుక నీకు రాస్తున్నాను. నిన్న ఆయన సమాధి దగ్గర గడ్డి కోశాను. నువ్వు అక్టోబరులో వస్తున్నావుగా, ఆ హాలిస్‌ని కూడా తీసుకురా. మా ఇంటి తలుపు మాత్రం తట్టకండి. మీరొచ్చే వేళకి నేను వీధి చివర నిలబడి ఉంటాను.

నీ తమ్ముడు,
వెండెల్